న్యూగ్రేంజ్ టూర్ రివ్యూ: అమ్మతో కలిసి చూసిన చలికాలపు వెలుగు

డబ్లిన్ వచ్చి ఆరేళ్ళయింది కానీ ఇక్కడి డిసెంబర్ మాత్రం నాకు ఇంకా అలవాటవ్వలేదు. పొద్దున ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగు అయిందో లేదో పొద్దు గూకిపోతుంది, మొత్తం కలిపితే పగలు ఏడున్నర గంటలు. మొన్న అమ్మ శ్రీకాకుళం నుంచి సరిగ్గా ఆ నెలలోనే వచ్చింది. రెండో వారానికే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని "ఈ ఊళ్ళో సూర్యుడు ఎప్పుడొస్తాడే" అని అడగడం మొదలెట్టింది. అప్పుడే అనుకున్నా, అమ్మని న్యూగ్రేంజ్ తీసుకెళ్ళి తీరాలని. వెళ్ళొచ్చాం, ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నా, ఎందుకో చెప్తాను.

న్యూగ్రేంజ్ అంటే కౌంటీ మీత్‌లో బోయిన్ నది పక్కన, డబ్లిన్‌కి ఉత్తరాన యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద రాతి దిబ్బ. సుమారు 5,200 ఏళ్ళ కిందట రైతులు కట్టారు, ఈజిప్టు పిరమిడ్ల కంటే, ఇంగ్లండ్‌లో రాళ్ళు గుండ్రంగా నిలబెట్టిన స్టోన్‌హెంజ్ కంటే పాతది. దాదాపు 85 మీటర్ల అడ్డం ఉంటుంది, చుట్టూ 97 పెద్ద రాళ్ళు పడుకోబెట్టి ఉంటాయి. లోపలికి 19 మీటర్ల సన్నటి దారి, దాని చివర చిన్న గది. గుమ్మం పైన ఇంకో చిన్న కంత వదిలారు, దాన్ని రూఫ్ బాక్స్ అంటారు. ఏడాదంతా ఆ గది చీకటే. డిసెంబర్ 21కి అటూ ఇటూ కొన్ని రోజులు మాత్రం, సూర్యోదయం అప్పుడు ఆ కంతలోంచి ఎండ దూరి నేల మీద పాక్కుంటూ గది దాకా వస్తుంది, 17 నిమిషాలు ఉండి వెళ్ళిపోతుంది. అంతే. ఆ 17 నిమిషాల కోసం వేల టన్నుల రాయి, మట్టి మోశారు ఆ మనుషులు, అది తల్చుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ముందు ఒక మాట. నేను కొన్నాళ్ళ కిందట ఒక డే టూర్ వాళ్ళ బస్సులో వెళ్ళి మోసపోయాను, పేరు ఎందుకులెండి, వాళ్ళు బయటి నుంచే చూపించి అరగంటలో మళ్ళీ బస్సెక్కించేశారు, లోపలికి టికెట్టే తీసుకోలేదు. కాబట్టి మీరే ఆన్‌లైన్‌లో ముందుగా బుక్ చేసుకోండి, లోపల గది చూపించే టికెట్టేనా కాదా అని రెండుసార్లు చూసుకోండి. నేరుగా దిబ్బ దగ్గరికి కారులో వెళ్ళనివ్వరు, డోనోర్ దగ్గర విజిటర్ సెంటర్‌లో దిగి, నది మీద నడక వంతెన దాటి, వాళ్ళ షటిల్ బస్సులోనే వెళ్ళాలి. సెంటర్‌లో ఎగ్జిబిషన్ కూడా బావుంది, పిల్లలకి నచ్చుతుంది.

దిబ్బ ముందు భాగం తెల్లటి స్ఫటిక రాళ్ళ గోడ. ఆ రాయి అక్కడిది కాదు, దక్షిణాన విక్లో కొండల నుంచి తెచ్చారట. 1962 నుంచి 1975 దాకా ఇక్కడ తవ్వకాలు చేసిన ప్రొఫెసర్ మైకేల్ ఓకెల్లీ, కింద రాలి పడి ఉన్న రాళ్ళతో ఆ గోడని మళ్ళీ లేపించారు, అది అసలు అలాగే ఉండేదా అని ఇప్పటికీ వాదన ఉంది. నాకైతే అది మరీ కొత్తగా అనిపించింది, దాని ముందు పడుకుని ఉన్న గుమ్మం రాయే అసలు అందం. దాని మీద చుట్టలు చుట్టలుగా సుడులు చెక్కారు, అమ్మ వాటిని చూసి "ముగ్గు వేసినట్టు ఉంది కదే" అంది, వేలితో గాల్లోనే ఆ సుడి గీసుకుంటూ చాలాసేపు నిలబడిపోయింది.

లోపలికి కొద్దికొద్ది మందినే పంపిస్తారు. రాళ్ళు రెండు వైపుల నుంచీ లోపలికి వాలి ఉంటాయి, కొన్ని చోట్ల వంగి, పక్కకి తిరిగి నడవాలి, బ్యాగులు ముందుకు పట్టుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇది ఆలోచించుకోండి, అమ్మ మెల్లిగా నా చెయ్యి పట్టుకుని వచ్చేసింది. గదిలోకి రాగానే పైకి చూడండి. రాయి మీద రాయి కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ పేర్చుకుంటూ పోయి ఆరు మీటర్ల ఎత్తున ఒకే పలకతో మూసేశారు, సున్నం లేదు సిమెంటు లేదు, అయినా ఇన్ని వేల ఏళ్ళుగా లోపల పొడిగానే ఉంది, మా ఫ్లాట్ సీలింగే రెండేళ్ళకి కారింది మరి.

తర్వాత గైడ్ అమ్మాయి "లైట్లు తీసేస్తున్నాను, ఎవరికైనా భయమైతే ముందే చెప్పండి" అంది. తీసేసింది. నిజంగా నా చెయ్యి నాకు కనపడలేదు. ఎవరూ మాట్లాడలేదు, పక్కన అమ్మ ఊపిరి మాత్రం వినిపిస్తోంది. కాసేపటికి దారి వైపు నుంచి నేల మీద సన్నటి పసుపు గీత ఒకటి మొదలై మెల్లిగా మా కాళ్ళ దాకా వచ్చింది. అది కరెంటు దీపమే, డిసెంబర్‌లో జరిగేదాన్ని అలా చూపిస్తారు, ముందే చెప్తారు కూడా. అయినా ఆ గీత అమ్మ చెప్పుల మీద పడగానే అమ్మ రెండు చేతులూ జోడించేసింది. "అరసవిల్లిలో స్వామి పాదాల మీద పడ్డట్టే ఉందే" అంది.

మా ఊరి పక్కనే కదా అరసవిల్లి, మార్చిలో ఒకసారి అక్టోబర్‌లో ఒకసారి పొద్దుటి కిరణాలు గుడి లోపలికి వచ్చి సూర్యనారాయణమూర్తి పాదాలు తాకుతాయి, చిన్నప్పుడు అమ్మ నన్ను నాలుగింటికే లేపి తీసుకెళ్ళేది, మబ్బు పట్టి రెండేళ్ళు వరసగా చూడలేకపోయాం. అది తెలిసినవాళ్ళకి న్యూగ్రేంజ్ గురించి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

నిజం కిరణం లోపల నిలబడి చూడాలంటే లాటరీ. ఏటా వేలమంది పేర్లు ఇస్తారు, సెప్టెంబర్ చివర్లో అక్కడి స్కూలు పిల్లలు చీటీలు తీస్తారు. ఇక్కడ ఓకెల్లీ గారి కథ చెప్పాలి. లోపలికి ఎండ వస్తుందని చుట్టుపక్కల జనం ఎప్పట్నుంచో చెప్పుకునేవాళ్ళు, ఆయన మొదట స్టోన్‌హెంజ్ సూర్యోదయం కబుర్లు ఇక్కడికి అంటించారేమో అనుకున్నారు. తీరా 1967 డిసెంబర్ 21 పొద్దున ఒక్కరే లోపల కూర్చుంటే గది మొత్తం వెలిగిపోయింది. ఊరివాళ్ళ మాటే నిజమైంది, ఈ టూర్ మొత్తంలో నాకు బాగా నచ్చిన కథ ఇదే.

లాటరీ రాకపోయినా 21న పొద్దున్నే బయట జనం చేరతారు, మేమూ వెళ్ళాం. అక్కడ పేగన్లు చాలామంది వస్తారు, అంటే క్రైస్తవానికి ముందున్న ఋతువుల పండగల్ని మళ్ళీ చేసుకుంటున్నవాళ్ళు. వాళ్ళకి ఇది యూల్, తర్వాత ఫిబ్రవరి 1న ఇంబోల్క్, మే 1న బెల్టేన్, అలా ఏడాదికి ఎనిమిది. న్యూగ్రేంజ్ కట్టినవాళ్ళు ఏ దేవుడికి మొక్కారో ఎవరికీ తెలీదు, వీళ్ళు కూడా తెలుసని చెప్పుకోలేదు, పొద్దు మళ్ళీ పెరగడం మొదలవుతోంది కాబట్టి వచ్చాం అన్నారు. మనకి సంక్రాంతి జనవరిలో వస్తుంది గానీ ఆకాశంలో సూర్యుడు ఉత్తరానికి తిరిగేది ఈ రోజుల్లోనే, ఆ సంగతి చెప్తే ఒక పెద్దావిడ ఎంత సంతోషపడిందో.

ఆ రోజు మబ్బే. తొమ్మిది దాటినా సూర్యుడు కనపడలేదు, డప్పులు వాయించేవాళ్ళు వాయిస్తూనే ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. గాలి కోసేస్తోంది, థర్మల్స్ లేకుండా మాత్రం పోవద్దు. అమ్మ శాలువా తల మీదుగా కప్పుకుని తూర్పు వైపు తిరిగి ఆదిత్య హృదయం మొత్తం చదివింది. అయ్యాక ఆ పెద్దావిడ తన బుట్టలోంచి హోలీ అనే చెట్టు కొమ్మ, ఎర్ర పళ్ళున్నది ఒకటి తీసి అమ్మ చేతిలో పెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆ కొమ్మ ఇంటికి తెచ్చి పూజ అరలో అరసవిల్లి పటం పక్కన పెట్టింది, ఆకులు ఎండిపోయినా నేను తియ్యలేదు.

ఈసారి లాటరీకి అమ్మ పేరు కూడా ఇచ్చాను. వస్తుందో రాదో, అమ్మ మాత్రం ఫోన్లో "ముందు వీసా సంగతి చూడవే" అంటోంది.