మా టిఫిన్ బండి మీద రెండేళ్లుగా అరుస్తున్న డబ్బా

పేమెంట్ పడగానే "ముప్ఫై రూపాయలు అందాయి" అని అరిచే చిన్న డబ్బా ఉంటుంది కదా, కిరాణా కొట్టు నుంచి పానీపూరీ బండి దాకా అన్నిచోట్లా కనిపించేది, దాని గురించి రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఫోన్లకీ ఇయర్‌ఫోన్లకీ రివ్యూలు గంపలకొద్దీ దొరుకుతాయి గానీ దీని మీద నాకైతే ఒక్క సరైనది కూడా కనబడలేదు. వాడేవాళ్లకి రాసే తీరిక ఉండదు, రాసేవాళ్లు వాడరు. మా అమ్మానాన్నలది తెనాలిలో టిఫిన్ బండి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ నెలకి రెండు ఆదివారాలు ఇంటికెళ్లి పార్సిళ్లు కడుతుంటాను, అంచేత రాసే పని నా మీద పడింది.

ముందు మంచి చెప్తాను. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మా బండి దగ్గర ఊపిరాడదు. నాన్న చేతిలో గరిట, పెనం మీద మూడు అట్లు, అమ్మ చేతుల నిండా చట్నీ. అట్లాంటప్పుడు ఒకాయన "బాబాయ్, ఫోన్‌పే కొట్టా" అని వెళ్లిపోతుంటాడు. ఏ యాప్‌లో కొట్టినా మా ఊళ్లో ఫోన్‌పే కొట్టడమే, ఆ క్యూఆర్ కాగితాన్ని కూడా స్కానర్ అనే అంటారు, ఆ సంగతి పక్కన పెట్టండి. డబ్బా రాకముందు నాన్న తుండుతో చెయ్యి తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసి, కళ్లజోడు పైకి జరిపి మెసేజ్ వచ్చిందో లేదో చూసేలోపు అట్టు మాడేది. చూడకపోతే ఇంకో బాధ. కొన్నాళ్లు రోజూ నూటయాభై, రెండొందలు లెక్క తేడా వచ్చింది. డబ్బులు పంపకుండానే పంపినట్టు పచ్చ టిక్కు చూపించి టింగుమనే దొంగ యాప్‌లు ఉంటాయని మాకప్పుడు తెలియదు. ఒక కాలేజీ కుర్రాడు నెలపాటు మా దగ్గర పూరీలు తిన్నది ఆ పచ్చ టిక్కుతోనే. డబ్బా పెట్టిన రెండోరోజు వాడు మామూలుగానే స్క్రీన్ చూపించాడు, డబ్బా నోరు మెదపలేదు. నాన్న వాణ్ణి ఏమీ అనలేదు, డబ్బా వైపు చూశాడంతే. వాడు జేబులోంచి నోటు తీసి అక్కడ పెట్టి వెళ్లాడు, మళ్లీ మా వైపు రాలేదు.

నాకు ఈ డబ్బాలో బాగా నచ్చింది ఇదే. పదేళ్లుగా తింటున్న మనిషిని "పడ్డాయా, ఏదీ చూపించండి" అని అడగాలంటే నాన్నకి నోరు రాదు, అడిగితే వాళ్లకీ చిన్నతనంగా ఉంటుంది. ఇప్పుడు ఆ అడిగే పని డబ్బా చేస్తోంది. ఇద్దరూ ఒక్క క్షణం దాని వైపు చూస్తారు, అది అరుస్తుంది, సరే బాబాయ్ అని వెళ్తారు. చిల్లర గొడవ కూడా పోయింది. ముప్ఫై రూపాయల ఇడ్లీకి పొద్దున్నే 500 నోటు తీసేవాళ్లతో నాన్న పడిన అవస్థ నాకు తెలుసు. 2025 మహానాడులో చంద్రబాబుగారు 500 నోట్లు కూడా రద్దు చేయాలన్నారని టీవీలో వచ్చినప్పుడు, 2016 నవంబరులో బ్యాంకు ముందు లైన్లో నిలబడి నాలుగు రోజులు బండి మూసుకున్న మనిషి కూడా, "చిల్లర లేని వాళ్ల నోట్లు మాత్రం రద్దు చెయ్యొచ్చు" అన్నాడు.

డబ్బా లోపల ఏముంటుందో చాలామందికి తెలియదు. నాన్న ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిపి ఉంటుందనుకుంటారు, మా బాబాయి ఇప్పటికీ అదే అంటాడు. కాదు, అందులో దాని సిమ్ దానికుంది. తినేవాళ్ల బ్యాంకు నుంచి డబ్బు కదిలి, యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ మీదుగా మన ఖాతా వైపు ఖాయమయ్యాక, డబ్బా ఇచ్చిన కంపెనీ సర్వర్ నుంచి ఆ సిమ్‌కి కబురొస్తుంది, అది అరుస్తుంది. అందుకే నాన్న ఫోన్ ఇంట్లో మర్చిపోయినా డబ్బా పనిచేస్తుంది. ఫోన్‌లో ఫుల్ సిగ్నల్ ఉన్నా డబ్బా మూగబోవడానికీ అదే కారణం. మాది మొదట్లో రేకు కింద, స్టీలు గిన్నెల మధ్య పెట్టాం, పది పేమెంట్లలో రెండు మూడు ఆలస్యంగా పలికేది, ఒక్కోసారి మనిషి వెళ్లిపోయిన ఐదు నిమిషాలకి వరసపెట్టి మూడు అరిచేది. తీసి బండి కర్రకి బయటివైపు కట్టాం, చాలావరకు సర్దుకుంది. మీదీ ఆలస్యం చేస్తుంటే కంపెనీకి ఫోన్ చేసేముందు ఒకసారి చోటు మార్చి చూడండి.

బ్యాటరీ పర్వాలేదు, పెట్టిన కొత్తలో వారం వచ్చింది, రెండేళ్లకి మూడు రోజులకి దిగింది. నూనె చిట్లి బటన్లు జిగురు పట్టాయి, అది మా తప్పే. తెలుగు మాత్రం ఇంకా రైల్వేస్టేషన్ తెలుగే, అంకె ఒకచోట అతికించి, రూపాయలు ఇంకోచోట అతికించినట్టు ఉంటుంది. సందు చివర ఫ్యాన్సీ షాపులో మహేశ్‌బాబు గొంతుతో ధన్యవాదాలు చెప్పే డబ్బా ఉంది, పిల్లలు దాన్ని వినడానికే పది రూపాయల పెన్ను కొంటారు. మాకు ఆ యోగం లేదు.

ఇక అద్దె. ఇక్కడే నేను మార్కులు కోసేది. డబ్బా అంటగట్టిన కుర్రాడు "ఫ్రీ అంకుల్, మీ బండికి మంచి లుక్కొస్తుంది" అన్నాడు. ఏ కంపెనీయో చెప్పను, ఇదే పని అందరూ చేస్తారని మా వీధిలో నలుగురూ అన్నారు. రెండో నెల నుంచి నూటపాతిక చొప్పున కోత మొదలైంది. అదీ విడిగా అడిగి తీసుకున్నది కాదు, ఆరోజు మాకు జమ కావాల్సిన దాంట్లోంచే తీసుకుని మిగిలింది వేశారు, నాన్న రెండు నెలలు దొంగ పేమెంట్లు మళ్లీ మొదలయ్యాయేమో అని టెన్షన్ పడ్డాడు. నేను యాప్ తీసి చూస్తే ఇంగ్లీషులో ఓ మూల రాసుంది. వద్దు, డబ్బా తీసుకెళ్లండి అంటే రిక్వెస్టు పెట్టమన్నారు, పెట్టాం, ఎవరూ రాలేదు, డబ్బా అటకెక్కిన రెండు నెలలకి కూడా అద్దె కోశారు. ఇంటికొచ్చి పెట్టడానికి మనిషి ఉంటాడు గానీ తీసుకెళ్లడానికి ఉండడన్నమాట. చివరికి ఇంకో కంపెనీ డబ్బాకి మారాం, ఈసారి నేను పక్కన కూర్చుని అద్దె ఎంత, ఎక్కడ కోస్తారు, వద్దంటే ఎవరు తీసుకెళ్తారు అని మూడు ప్రశ్నలకీ జవాబులు వాట్సాప్‌లో రాయించుకున్నాను. మీరూ రాయించుకోండి, నోటిమాట నమ్మకండి.

నూటపాతిక పెద్ద మొత్తమా అని అడగొచ్చు. రెండు ప్లేట్ల పూరీ అంతే. కానీ ఆలోచిస్తే నాకు తిక్కగా ఉంటుంది. యూపీఐ తీసుకున్నందుకు షాపువాళ్ల దగ్గర చార్జీ వసూలు చేయకూడదని 2020 జనవరి నుంచి నియమం ఉంది, ఎండీఆర్ సున్నా అంటారు దాన్ని. 2024-25లో చిన్న షాపుల్లో 2,000 లోపు పేమెంట్లకి కేంద్రమే బ్యాంకులకి నూటికి 15 పైసలు ప్రోత్సాహకం ఇచ్చింది, దానికి 1,500 కోట్లు కేటాయించింది. మంచిదే, వద్దనట్లేదు. కానీ 2025 ఆగస్టులో ఒక్క నెలలో లావాదేవీల సంఖ్యే 2,000 కోట్లు దాటిన వ్యవస్థని నడపడానికి అయ్యే ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి కదా. చార్జీ రూపంలో రాకూడనిది డబ్బా అద్దె రూపంలో మా బండి దాకా వచ్చింది, లోన్ కావాలా అంకుల్ అనే ఫోన్ల రూపంలో కూడా వస్తోంది. మా అమ్మకాలు రోజూ వాళ్ల కళ్లముందే ఉంటాయి, ఏ నెల చేతిలో డబ్బు ఆడట్లేదో మాకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. ఉచితం అని టముకు కొట్టేవాళ్లు ఆ అద్దె సంగతి కూడా ఒక ముక్క చెప్తే బాగుండు.

2025 జూలైలో ఇంకో గొడవ. కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న చిన్న బేకరీలకీ టీకొట్లకీ జీఎస్టీ నోటీసులు వెళ్లాయి, బెంగళూరులో స్కానర్లు పీకేసి నగదు మాత్రమే అని బోర్డులు పెట్టారు. తర్వాత అక్కడి ప్రభుత్వం మెత్తబడింది గానీ, ఆ వీడియోలు మా ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగాయి. నాన్న కూడా డబ్బా విప్పి సంచిలో పెట్టేశాడు. నేను కూర్చోబెట్టి లెక్క చెప్పాల్సి వచ్చింది: టిఫిన్ అమ్మకం సర్వీసు కిందికొస్తుంది, ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్, అంటే రోజుకి దాదాపు 5,500, మనకి 4,000 దాటితే పండగ. నాన్న వెంటనే అడిగిన ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. "మరి చీటీ పాట డబ్బు అందులోనే పడింది కదమ్మా, మీ మావయ్య బాకీ తీర్చింది అందులోనే కదా, అదంతా ఇడ్లీలు అమ్మిందనుకుంటే?" అన్నాడు. నిజమే. అదే ఖాతా, అదే నంబరు, చూసేవాళ్లకి అన్నీ ఒకటే. అందుకని బండికి విడిగా ఒక ఖాతా తెరిచాం. డబ్బా పెట్టుకునే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే, ఇంటి ఖాతాకి దాన్ని తగిలించకండి.

ఆగిపోయిన రోజులు కూడా ఉన్నాయి. 2025 ఏప్రిల్ 12, శనివారం, యూపీఐ దేశమంతా కొన్ని గంటలు మొరాయించింది. మా పొద్దుటి రద్దీ అప్పటికే అయిపోయింది కాబట్టి బతికాం, ఆలస్యంగా వచ్చినవాళ్లు మాత్రం ప్లేటు చేతిలో పట్టుకుని ఫోన్ పైకెత్తి తిరిగారు. నాన్న అందరినీ తినేసి వెళ్లమన్నాడు. సాయంత్రానికి ఒకరిద్దరు తప్ప అందరూ వచ్చి ఇచ్చారు, అది డబ్బా గొప్ప కాదు, ఊరి గొప్ప.

డబ్బా అరుపు వల్ల వచ్చిన తంటా ఒకటుంది. అది మాకే కాదు, వీధికంతా చెప్తుంది. వినాయక చవితి చందాకి వచ్చిన కుర్రాళ్లు రసీదు పుస్తకం తెరిచి పక్కన నిలబడి రెండు నిమిషాలు విన్నారు. "ఏంటి బాబాయ్, పొద్దున్నుంచి మోగుతానే ఉంది, వెయ్యి రాయమంటావా" అన్నారు. వాళ్ల దగ్గరా ఒక స్కానర్ ఉంది.

ఇదంతా ఒక ఎత్తు, నేను అసలు రాయాలనుకున్నది ఒక ఎత్తు. బండి మీద గల్లాపెట్టె ఉన్నన్నాళ్లూ దాని మీద చెయ్యి అమ్మది. పార్సిల్ డబ్బులు ఆమే తీసుకునేది, చిల్లర ఆమే ఇచ్చేది, మధ్యలో యాభయ్యో వందో కొంగున కట్టుకునేది. నాన్నకి తెలుసు, తెలియనట్టు ఉండేవాడు. ఆ డబ్బుతోనే నా పదో తరగతి ట్యూషన్ ఫీజు, అమ్మమ్మకి పండక్కి చీర, పక్కింటి పిన్నికి చేబదులు. డబ్బా వచ్చాక గల్లాపెట్టెలో పడేది పావు వంతే. మిగతాది నాన్న పేరు మీద ఖాతాలో, ఆ ఖాతా నాన్న ఫోన్‌లో, ఆ ఫోన్ నాన్న జేబులో. ఎవరూ కావాలని చేసింది కాదు. డబ్బా పెట్టడానికి వచ్చిన కుర్రాడు ఓనర్ ఎవరని అడిగాడు, నాన్న ఆధార్ ఇచ్చాడు, అంతే. ఒక ఆదివారం అమ్మ గాజులు వేయించుకోవడానికి నాన్నని రెండొందలు అడగడం విన్నాను. ముప్ఫై ఏళ్లుగా నాలుగింటికి లేచి పిండి కలుపుతున్న మనిషి, ఎందుకు అని కారణం చెప్తోంది. నాన్న ఇచ్చాడు, ఇవ్వకపోవడం ఏమీ లేదు. కానీ అమ్మ అడగడం నేను ఎప్పుడూ వినలేదు.

అప్పటికి సాయంత్రం బజ్జీలు అమ్మ ఒక్కతే వేస్తోంది. డ్వాక్రా కోసం తెరిచిన ఆమె ఖాతా ఎలాగూ ఉంది, నంబరు మాత్రం ఎప్పుడో పోయిన సిమ్‌ది. బ్యాంకుకి రెండుసార్లు తిరిగి నంబరు మార్పించి, ఆమె పేరుతో స్కానర్, రెండో డబ్బా తీసుకున్నాం. అద్దె నేనే కడతానన్నాను, అమ్మ ఒప్పుకోలేదు. నాన్న రెండు రోజులు ముభావంగా ఉన్నాడు, మూడో రోజు ఆయనే మేకు కొట్టి దాన్ని కర్రకి తగిలించాడు.

మార్కులు అడిగితే పనితనానికి అయిదుకి నాలుగు, ఇచ్చిన కంపెనీ తీరుకి ఒకటిన్నర. పొద్దున నాన్న డబ్బా వీధి చివరిదాకా వినబడుతుంది. సాయంత్రం బజ్జీల దగ్గర మాత్రం డబ్బా మోగుతోందో లేదో నాకే తెలియలేదు, పాడయిందేమో అని చేతిలోకి తీసుకున్నాను. పాడవలేదు. అమ్మ సౌండు బాగా తగ్గించి పెట్టుకుంది.