జెనిసిస్ ఆఫ్ ద డాలెక్స్: ఆరు భాగాలూ చూడండి, కత్తిరించింది వద్దు

బ్రిటిష్ టీవీ సీరియల్ డాక్టర్ హూ పాత కథల్లో ఒక్కటే కొంటాం, ఏది కొనాలి అని హన్మకొండలో ఎవరడిగినా మేం చెప్పేది 1975 నాటి 'జెనిసిస్ ఆఫ్ ద డాలెక్స్'. రచన టెర్రీ నేషన్, దర్శకత్వం డేవిడ్ మలోనీ. దాదాపు 25 నిమిషాల చొప్పున ఆరు భాగాలు. మార్చి 8 నుంచి ఏప్రిల్ 12 దాకా శనివారం శనివారం బీబీసీలో వచ్చాయి. డాక్టర్‌గా టామ్ బేకర్‌కు అది మొదటి సీజన్. ఇదివరకు ఈ సీరియల్ మొహం చూడనివాళ్లు కూడా నేరుగా దీన్నే పెట్టుకోవచ్చు. డాక్టర్ కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగేవాడు, సారా, హ్యారీ అతని వెంట వచ్చినవాళ్లు, డాలెక్ అంటే లోహపు తొడుగులో ఉండే జీవి, తనలాంటిది కానిది ఏది కనపడినా చంపేస్తుంది. ఈపాటి తెలిస్తే చాలు.

స్కారో అనే గ్రహం మీద కాలెడ్లకూ థాల్‌లకూ వెయ్యేళ్లుగా యుద్ధం. డాలెక్‌లు ఇంకా పుట్టలేదు. డాక్టర్ సొంత జాతివాళ్లైన టైమ్ లార్డ్‌లు అతన్ని అక్కడ దించి, వాటిని పుట్టకుండా ఆపు, లేదంటే వాటి బుద్ధి కాస్త మెత్తబడేలా చెయ్యి, అదీ కాకుంటే వాటి బలహీనతైనా కనిపెట్టు అని చెప్పిపోతారు. పొగమంచులో మాస్కులు తొడుక్కున్న సైనికులు నెమ్మదిగా కుప్పకూలే దృశ్యంతో మొదలవుతుంది. సాయంత్రం పిల్లలు చూసే వేళ ఈ హింస ఏమిటని బ్రిటన్‌లో టీవీ కార్యక్రమాల మీద ఉద్యమం నడిపిన మేరీ వైట్‌హౌస్ అప్పట్లోనే గొడవ పెట్టింది. ఆమె మాటలో కొంత నిజం లేకపోలేదు, ఏడెనిమిదేళ్ల లోపు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవద్దు.

యుద్ధం ఎంత ముసలిదో ఆయుధాలే చెబుతాయి. ఒకే సైనికుడి ఒంటి మీద ఒకటి కొత్త కాలపుది, ఒకటి పాత కాలపుది. సామాను అయిపోతున్నకొద్దీ వెనక్కి వెనక్కి పోతున్నారన్నమాట. ఈ బయటి దృశ్యాలు ఇంగ్లండ్‌లోని సర్రేలో, బెచ్‌వర్త్ క్వారీలో తీశారు. గోదావరిఖని ఓపెన్‌కాస్ట్ అంచున నిలబడి చూసినవాళ్లకు ఆ గుంత చిన్నగానే కనిపిస్తుంది, కానీ పొగ వదిలి అంచులు దాచేశారు కాబట్టి పని జరిగిపోయింది. దాచలేనిది దూరం. వెయ్యేళ్లుగా కొట్టుకుంటున్న రెండు నగరాల మధ్య కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్‌కు ఉన్నంత దూరం కూడా ఉన్నట్టు అనిపించదు, పాత్రలు నడిచి అటు పోయి ఇటు వచ్చేస్తుంటారు.

ఈ కథను నిలబెట్టింది మాత్రం డావ్రోస్. డాలెక్‌లను తయారుచేసే కాలెడ్ల శాస్త్రవేత్త, మైకేల్ విషర్ వేశాడు. ఆ నటుడికి మిగిలిందేమిటో ఒకసారి లెక్క వేయండి. మొహం మొత్తం జాన్ ఫ్రీడ్‌లాండర్ చేసిన మాస్కు కింద ఉంది. కళ్లు మూసుకుపోయాయి, నుదుటి మీద ఒక నీలి దీపమే కన్ను. నడుము కింద డాలెక్ అడుగుభాగం లాంటి కుర్చీ. ఆడేది ఒక్క చెయ్యి. ఇక గొంతు, అంతే. అందుకే రిహార్సల్‌లో చక్రాల కుర్చీలో కూర్చుని, తలకు కాగితం సంచీ తగిలించుకుని సాధన చేశాడట, మొహం సాయం లేకుండా మాట పండాలని. ఫలితం ఐదో భాగంలో తెలుస్తుంది. సమస్త జీవాన్నీ చంపేసే వైరస్ ఒకటి నీ చేతిలో ఉంటే వాడతావా అని డాక్టర్ అడుగుతాడు. డావ్రోస్ వెంటనే బదులివ్వడు. ముందు అది శాస్త్రవేత్తకు నచ్చిన లెక్కలా ఉంటుంది, మెల్లగా రుచి తగులుతుంది, వేళ్ల మధ్య లేని గాజుగొట్టాన్ని పట్టుకుని నలిపేసే దగ్గరికి వచ్చేసరికి గొంతు ఇంకెక్కడికో పోయి ఉంటుంది. కెమెరా పెద్దగా ఏమీ చెయ్యదు. చెయ్యనవసరం లేదు కూడా.

డావ్రోస్ పక్కన అతని భద్రతాధికారి నైడర్‌గా పీటర్ మైల్స్. ఇతను అరవడు. కళ్లద్దాలు, నల్ల దుస్తులు, తక్కువ మాటలు. ఎదిరించాలనుకునేవాళ్లతో నేనూ మీ వైపే అన్నట్టు నటించి పేర్లు రాబట్టే దృశ్యం ఒకటి ఉంది, ఆఫీసు రాజకీయాలు చూసినవాళ్లకు వెన్ను చల్లబడుతుంది. మొదట్లో ఇతని మెడ దగ్గర ఐరన్ క్రాస్, అంటే నాజీల కాలంలోనూ ఇచ్చిన జర్మన్ సైనిక పతకం, ఉంటుంది, తర్వాత మాయమవుతుంది. అంత సూటిగా వద్దనుకుని తీసేశారు. తీసినా తీయకపోయినా ఈ కథ ఎవరి గురించో తెలుస్తూనే ఉంటుంది.

డాలెక్‌లు ఇందులో తక్కువగా కనిపిస్తాయి, అదే మేలు. వాటి గొంతుకు 1963 నుంచీ ఒకటే పద్ధతి: మనిషి మాటను రింగ్ మాడ్యులేటర్‌లోకి పంపి, సుమారు 30 హెర్ట్జ్ స్వరంతో గుణిస్తారు. దాంతో మాట గరగరలాడుతూ వణుకుతుంది. యంత్రం ఒక్కటే చాలదు, చదివేవాడు అక్షరం అక్షరం విడగొట్టి, ఎక్కడా ప్రేమ ఒలకకుండా చదవాలి. ఇక్కడ ఆ పని ఎక్కువగా రాయ్ స్కెల్టన్‌ది.

లోపాలు దాచడం అభిమానం కాదు. రెండో భాగం చివర సారా రాకెట్ చుట్టూ ఉన్న ఇనుప కట్టడం మీంచి పడిపోతుంది, దృశ్యం గడ్డకట్టి ఆగిపోతుంది. వారం ఆగి చూస్తే కొద్దిగా కింద ఉన్న పలక మీద పడిందంతే. ఇది మోసం. హ్యారీ కాలు పట్టుకునే ఆ రాక్షస ఆల్చిప్ప గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. మూడు, నాలుగు భాగాల్లో పట్టుబడటం, తప్పించుకోవడం, మళ్లీ పట్టుబడటం మోతాదు మించింది. ఆరు భాగాలకు సరిపడా కథ లేనప్పుడు కారిడార్లు పొడుగవుతాయి. డాక్టర్ చేత చెప్పించే డాలెక్ ఓటముల జాబితాలో భూమి మీద దాడి 2000లో జరిగినట్టు ఉంటుంది. 1964లో చూపించిన కథలో అది 22వ శతాబ్దం. పట్టించుకునేవాళ్లు పట్టించుకుంటారు.

అందరూ చెప్పుకునే దృశ్యం ఆరో భాగంలో ఉంది. డాలెక్ పిల్లలు పెరిగే గదిలో పేలుడు పదార్థం పెట్టి, రెండు తీగలు చేతిలో పట్టుకుని డాక్టర్ ఆగిపోతాడు. తీగలు తాకిస్తే ఒక జాతి మొత్తం పోతుంది, ఆ హక్కు నాకుందా అని. టామ్ బేకర్ ఇక్కడ తన నవ్వు, స్కార్ఫ్ అన్నీ పక్కన పెట్టి మాట్లాడతాడు. బాగుంది, కాదనం. కానీ చాలామంది అక్కడితో ఆపేస్తారు, తర్వాత జరిగింది మర్చిపోతారు. డావ్రోస్ లొంగాడని కబురు రాగానే డాక్టర్ ఊపిరి పీల్చుకుని తీగలు వదిలేస్తాడు. ఆ లొంగుబాటు ఉత్తిదే. శాస్త్రవేత్తల చేత ఓటు వేయిస్తానని చెప్పి, ఆ వంకన డాలెక్‌లు తిరిగొచ్చేదాకా కాలం గడుపుతున్నాడు. డాక్టర్ రెండోసారి ఆ గదికి పరుగెత్తినప్పుడు తీగలు కలిపేది అతను కాదు, వాటి మీదుగా దొర్లుకుంటూ వచ్చిన డాలెక్. అంత పెద్ద ధర్మసందేహం చివరికి ఒక చక్రం కింద తేలిపోయింది. రచయిత డాక్టర్‌కు జవాబు చెప్పే అవకాశం ఇవ్వలేదు, మా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా తెలివైన పని అదే. ఫలితం కూడా అరకొరే: డాలెక్‌లు ఆగలేదు, మహా అయితే వెయ్యేళ్లు ఆలస్యమయ్యాయి.

ఇక కొనే సంగతి. 1975 డిసెంబర్‌లోనే దీన్ని సుమారు గంటన్నర సినిమాగా కుదించి వేశారు. బిగువుగా ఉంటుందని ఆశపడొద్దు. కోతలో పోయేది పరుగులు మాత్రమే కాదు, మనుషులు వాదించుకునే తీరిక కూడా పోతుంది, ఈ కథ ప్రాణమే ఆ వాదాలు. రెండు డిస్కుల డీవీడీ 2006లో వచ్చింది. 2018లో 12వ సీజన్ మొత్తం బ్లూరే పెట్టెగా వచ్చింది. స్టూడియో దృశ్యాలు 625 లైన్ల వీడియో టేపు మీద తీసినవి కాబట్టి బ్లూరేలో కొత్త వివరాలేవో పుట్టుకొస్తాయని అనుకోకండి, బొమ్మ కొంచెం శుభ్రంగా ఉంటుందంతే. ఈ ఒక్క కథ కోసమైతే డీవీడీ చాలు. అందులో గంటసేపుండే 'జెనిసిస్ ఆఫ్ ఎ క్లాసిక్' డాక్యుమెంటరీ వదలొద్దు.

డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకె రీజియన్. బ్రిటన్ డీవీడీ రీజియన్ 2, మనది 5. బ్లూరే వాళ్లది బి, మనది సి. డిస్కు తెప్పించే ముందు ఇంట్లో ప్లేయర్ అన్ని రీజియన్లూ తీసుకుంటుందో లేదో చూసుకోండి. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తుంది, ఐదోసారి పెట్టిందే శాశ్వతం. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో చూసేవాళ్లకు మనుషులు కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలు వస్తే డిస్కు పాడైందనుకోవద్దు, అది ఇంటర్‌లేస్డ్ వీడియో, అంటే బొమ్మను గీత విడిచి గీతగా రెండు వాటాల్లో చూపే పాత పద్ధతి. వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, మోడ్ యాడిఫ్ 2ఎక్స్ పెట్టండి. టీవీలో బొమ్మ కొలత 4:3కి మార్చండి, లేకపోతే డాలెక్‌లన్నీ బొద్దుగా సాగిపోతాయి. పక్కన నల్ల పట్టీలు ఉండాల్సిందే. శబ్దం మోనో, హోమ్ థియేటర్‌లో దొంగ సరౌండ్ ఆపేయకపోతే డావ్రోస్ గొంతు గది నాలుగు మూలలకూ చెదిరిపోతుంది.

డీవీడీలో ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఉన్నాయి, తెలుగువి లేవు. నానమ్మతోనో తెలుగు మీడియం పిల్లలతోనో చూసేటప్పుడు మధ్యమధ్య అనువాదం చెప్పకండి, దృశ్యం చచ్చిపోతుంది. ఒక్కో భాగానికి ముందు జర ఆగి రెండు ముక్కల్లో కథ చెప్పేసి వదిలేయండి. రాత్రికి ఒక భాగం, మహా అయితే రెండు. ఆరూ ఒకేసారి పెడితే నాలుగో భాగానికి అందరూ ఫోన్లు తీస్తారు.

ఇది అవగానే 1979 నాటి 'డెస్టినీ ఆఫ్ ద డాలెక్స్' మీదికి పోవద్దు. అందులో డావ్రోస్ డేవిడ్ గూడర్సన్, విషర్ మొహానికి చేసిన ఆ పాత మాస్కే అతనికి తగిలించారు, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. వెనక్కి వెళ్లి 1963 డిసెంబర్‌లో మొదలైన మొదటి డాలెక్ కథ చూడండి. బ్లాక్ అండ్ వైట్, ఏడు భాగాలు. థాల్‌లు అక్కడా ఉంటారు, కానీ డాలెక్‌ల పూర్వీకుల పేరు కాలెడ్లు కాదు, డాల్స్. డావ్రోస్ ఊసే ఉండదు.