క్లొనకిల్టీలో పాట వినాలంటే ఏ తలుపు తీయాలి

ముందే చెప్పేస్తాను. క్లొనకిల్టీలో జానపద సంగీతానికి నా లెక్కన అయిదుకి అయిదు. జాజ్‌కి రెండున్నర, అదీ వాయించినవాళ్ళ మొహం చూసి. రెండు చోట్లా వాయించినవాళ్ళు గట్టివాళ్ళే. తేడా అంతా వినేవాళ్ళని కూర్చోబెట్టిన పద్ధతిలో ఉంది.

క్లొనకిల్టీ ఐర్లండ్‌లో ఉంది, కార్క్ నగరం నుంచి పడమరగా ఎన్71 రోడ్డు మీద గంట ప్రయాణం. రైలు లేదు, వెస్ట్ కార్క్ లైను 1961లోనే మూసేశారు. చిన్న ఊరు. దుకాణాల పేర్లు చెక్క పలకల మీద చేత్తో రాసి ఉంటాయి, కొన్ని ఐరిష్ భాషలోనే. ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ చిన్నతనంలో కొన్నాళ్ళు ఇక్కడి ఎమ్మెట్ స్క్వేర్‌లో ఉన్నాడు, ఇప్పుడు అక్కడే ఆయన పేరున మ్యూజియం ఉంది. పగలు అదీ, దగ్గర్లోని ఇంచిడోనీ బీచీ చూసుకుని సాయంత్రానికి ఊళ్ళోకి రావచ్చు. మేం వెళ్ళింది మాత్రం పాట కోసమే. మా అత్తయ్య రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. చర్చిలూ కోటలూ తిప్పుతుంటే, "నా మోకాళ్ళ సంగతి తెలుసుగా అమ్మాయ్, కూర్చుని చూసేదేమైనా ఉంటే చెప్పు" అన్నారు.

పియర్స్ స్ట్రీట్‌లో ఉంటుంది డి బారాస్. ముందు మామూలు పబ్బు, వెనక ఫోక్ క్లబ్. రాక్ సంగీతం వినేవాళ్ళకి ఈ పేరు తగిలే ఉంటుంది. అమెరికన్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ బృందం 'ఎక్స్‌పీరియన్స్'లో బేస్ గిటార్ వాయించిన నోయెల్ రెడింగ్ 1970లలో వచ్చి ఈ ఊరి దగ్గరే స్థిరపడ్డాడు. 2003లో పోయేదాకా ఇక్కడే. ఏళ్ళ తరబడి ఈ పబ్బులోనే వాయించాడు. హెండ్రిక్స్ పక్కన నిలబడి వాయించినవాడు పబ్బు గదిలో పాతిక ముప్ఫై మంది ముందు వాయించడానికి ఒప్పుకున్నాడంటే, ఆ గదిలో ఏదో ఉండాలి కదా అని మా ఆయన వాదన. ఆయనకి హెండ్రిక్స్ పిచ్చి. నేను వెళ్ళింది ఫిడిల్ కోసం, అంటే మన వయొలినే.

టికెట్ మనిషికి 20 యూరోలు పడింది. సీటు నంబర్లు లేవు, ముందొచ్చినవాళ్ళదే కుర్చీ. మేం అరగంట ముందు వెళ్ళి అత్తయ్యకి గోడవారగా, వీపు ఆన్చుకునే చోటు పట్టాం. గది చిన్నది. వేదిక మోకాలెత్తు కూడా ఉండదు. రెండో వరసలో కూర్చుంటే కమానుకి రాసే రజను పొడి రాలడం కనిపిస్తుంది. నేను చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, ఇప్పుడు ముట్టుకోవడం లేదు. చూపు అక్కడికే పోతుంది.

ఆ రాత్రి ఇద్దరే. ఫిడిల్ వాయించే ఆవిడ, బుజూకీ వాయించే ఆయన. బుజూకీ గ్రీకు తీగ వాయిద్యం. 1960లలో ఐరిష్ సంగీతంలోకి వచ్చి, ఇప్పుడు ఇక్కడే పుట్టిందన్నంతగా కలిసిపోయింది. ఆవిడ ఫిడిల్‌ని గడ్డం కింద గట్టిగా నొక్కిపట్టదు. భుజానికి కాస్త దిగువన వదులుగా ఆనించి, కమాను మధ్య భాగంతోనే, పొట్టి పొట్టి లాగుళ్ళతో వాయిస్తుంది. మన గమకంలో వేలు తీగ మీద జారుతుంది. ఇక్కడ జారుడు తక్కువ. అసలు స్వరానికి పైదీ కిందదీ క్షణంలో తాకి వచ్చేస్తారు. దాన్ని రోల్ అంటారు. వేగంగా వింటే స్వరం వణికినట్టుంటుంది, నెమ్మదిగా వింటే లెక్క కట్టినట్టుంటుంది.

లెక్క అంటే గుర్తొచ్చింది, అత్తయ్య చేతి సంగతి. ఆవిడ సంగీతం నేర్చుకోలేదు గానీ భజనల్లో తాళం తప్పనివ్వరు. జిగ్ వాయిస్తుంటే తొడ మీద మూడు మూడుగా వేసుకుంటూ హాయిగా ఉన్నారు. జిగ్, రీల్ రెండూ నాట్యపు ట్యూన్ల రకాలు. జిగ్ అంటే ఆరు దెబ్బలు, రెండు మూళ్ళు. రీల్ అయితే నాలుగు. తర్వాత ఫిడిల్ ఆవిడ "ఇప్పుడు స్లిప్ జిగ్" అని మొదలెట్టింది. కాసేపటికి అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

"ఏమ్మా, ఇదేంటి, రెండు అయ్యాక ఇంకో మూడు మిగిలిపోతోంది?"

"తొమ్మిదండీ అత్తయ్యా. మూడు మూళ్ళు."

"అట్లా చెప్పాలి కదా ముందే," అని మళ్ళీ అందుకున్నారు. ట్యూన్ అయ్యేదాకా వదల్లేదు.

ఈ సంగీతం ఎలా నడుస్తుందో తెలిస్తే వినడం తేలిక. ఒక ట్యూన్‌కి సాధారణంగా రెండు భాగాలు, ఒక్కోటి ఎనిమిది బార్లు, అంటే మన ఆవర్తాల లాంటివి. ఒక్కో భాగం రెండుసార్లు వాయిస్తారు. మొత్తం ట్యూన్‌ని రెండు మూడు తిప్పులు తిప్పి, ఆపకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. ఇట్లా రెండు మూడు కలిపితే ఒక సెట్. ఆ దూకే చోట శ్రుతి మారిందనుకోండి, గదిలో ఎవరో ఒకరు "హప్!" అని అరుస్తారు. మనవాళ్ళ "భళా" లాంటిదే. మెచ్చుకోవలసిన చోటు అదన్నమాట, తెలియకపోతే అన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది. ఇటువైపు వెళ్తే పోల్కాలూ స్లయిడ్‌లూ అనే నాట్యపు ట్యూన్లు కూడా వేయమని అడగొచ్చు. కార్క్, కెర్రీ సరిహద్దులో స్లీవ్ లూక్రా అనే కొండ ప్రాంతపు సొత్తు అవి, కాలు దానంతటదే కదులుతుంది.

మధ్యలో ఆవిడ ఫిడిల్ ఒళ్ళో పెట్టుకుని, వాయిద్యమేదీ లేకుండా ఒక పాట పాడింది. ఐరిష్‌లో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ పాట సాగినంతసేపూ బార్ వెనక ఉన్న కుర్రాడు గ్లాసు సగం నింపి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. డబ్బు పెట్టె తెరవలేదు. ఎదురుగా కార్డు చాచిన మనిషి కూడా చాచినట్టే ఉన్నాడు. పాట అయ్యాక ముందు చప్పట్లు, తర్వాత బీరు. నేను అయిదుకి అయిదు వేసింది దీనికే. సౌండ్ కూడా బావుంది, ఫిడిల్ గీరుకున్నట్టు లేదు, బుజూకీ మింగేయలేదు. ఇబ్బంది ఒక్కటే, విరామంలో టాయిలెట్ దగ్గర వరస. చిన్న చోటు, తప్పదు.

టికెట్ లేని సంగీతం కూడా ఈ ఊళ్ళో ఉంది. పబ్బుల్లో సెషన్లు. వారంలో ఏ రోజు ఎక్కడన్నది కాలాన్ని బట్టి మారుతుంటుంది, తలుపు పక్క పలక మీద సుద్దతో రాసి పెడతారు. సెషన్ కచేరీ కాదు. వాయించేవాళ్ళు ఒక బల్ల చుట్టూ ఒకరికొకరు ఎదురెదురుగా కూర్చుని తమలో తాము వాయించుకుంటారు, మనం పక్కన ఉన్నామంతే. ఆ మూల కుర్చీలు ఖాళీగా కనిపించినా కూర్చోకూడదు, అవి వాళ్ళవి. మొహం మీద ఫోను పెట్టి వీడియో తీయడం కూడా మర్యాద కాదు.

మేం చూసిన సెషన్‌లో ఇలన్ పైప్స్ వాయించే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఇది ఐరిష్ బ్యాగ్‌పైప్. స్కాట్లండ్ వాళ్ళ బ్యాగ్‌పైప్ నోటితో ఊదేది, నిలబడి వాయిస్తారు. ఇది కూర్చుని వాయించేది. చంక కింద తిత్తి, దాన్ని మోచేత్తో నొక్కుతూ ఇంకో చంక కింది సంచిలోకి గాలి పంపుతారు. నోరు ఖాళీ, అందుకే ఆయన వాయిస్తూనే పక్కాయనతో ఏదో మాట్లాడాడు! 2017లో యునెస్కో ఈ వాయిద్య సంప్రదాయాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. అత్తయ్య చూపంతా బౌరాన్ మీద. మేకతోలు బిగించిన బల్లపరుపు డప్పు, చిన్న పుల్లతో వాయిస్తారు, రెండో చెయ్యి లోపల్నుంచి తోలు మీద పెట్టి నొక్కుతూ నాదం మారుస్తారు. "కంజిరకి పెద్దన్నయ్య" అని తేల్చేశారావిడ. ఇది పల్లెటూరి వాయిద్యంగా పక్కన పడి ఉంటే, 1960లలో స్వరకర్త షాన్ ఓ రీయాడా తన బృందంలో పెట్టి దానికో హోదా తెచ్చాడు. ఆయన చివరి ఏళ్ళు గడిపింది కూడా ఈ జిల్లాలోనే, కూల్ ఈ అనే ఊళ్ళో.

ఇక జాజ్. ఆదివారం మధ్యాహ్నం ఆ చుట్టుపక్కలే ఒక హోటల్లో "లైవ్ జాజ్" అని బోర్డు చూసి వెళ్ళాం. పేరు రాయను. గిటార్, డబుల్ బేస్, డ్రమ్స్. ముగ్గురూ పనిమంతులు. గిటారిస్టు కుర్రాడు తర్వాత మాటల్లో లూయీ స్టీవర్ట్ రికార్డులు విని నేర్చుకున్నానన్నాడు. వాటర్‌ఫర్డ్‌లో 1944లో పుట్టి, అమెరికన్ జాజ్ దిగ్గజం బెన్నీ గుడ్‌మన్‌తో కూడా వాయించిన ఐరిష్ గిటారిస్టు ఆయన, 2016లో పోయాడు. కుర్రాడి చేతిలో ఆ పొందిక తెలుస్తోంది, ఒక్క స్వరం ఎక్కువ వాయించడు.

కానీ వాళ్ళని కూర్చోబెట్టింది ఎక్కడ? మాంసం కోసి వడ్డించే కౌంటరుకీ కాఫీ మెషీన్‌కీ మధ్య. తల మీద టీవీలో హర్లింగ్ మ్యాచ్, కర్రలతో బంతిని కొట్టే ఐరిష్ ఆట. శబ్దం తగ్గించారు గానీ, గోల్ పడినప్పుడల్లా నాలుగు బల్లలు లేచి అరుస్తాయి. బేస్ ఆయన సోలో ఎత్తుకున్నాడు. డ్రమ్స్ ఆయన కర్రలు పక్కన పెట్టి బ్రష్‌లు తీసుకున్నాడు. అంత సన్నగా వచ్చింది ఆ చోటు, సరిగ్గా అప్పుడే కాఫీ గింజలు మరపట్టడం మొదలైంది. ఒకసారి కాదు, సోలో పొడుగునా మూడు కాఫీలు. బేస్ ఆయన నవ్వి, మర శ్రుతి పట్టుకుని దాని మీదే రెండు బార్లు వాయించాడు. ఆ సమయస్ఫూర్తికే ఒక మార్కు అదనం.

టీవీ కాసేపు ఆపుతారా అని మా ఆయన అడిగితే, మ్యాచ్ అయ్యాక చూద్దాం అన్నారు. మ్యాచ్ అయ్యేసరికి జాజ్ కూడా అయిపోయింది. బిల్లులో సంగీతానికని మనిషికి 5 యూరోలు వేశారు, బోర్డు మీద ఆ మాట ఎక్కడా లేదు. అయిదు యూరోల కోసం కాదు నా బాధ. అత్తయ్య అడిగారు, "పాపం, ఆ అబ్బాయి ఎవరి కోసం వాయిస్తున్నాడమ్మా?" అని. డబ్బు తీసుకున్నవాళ్ళు చెప్పాల్సిన జవాబు అది.

ఐర్లండ్‌లో జాజ్ వినాలంటే పండగల సమయం చూసుకుని వెళ్ళడం మేలు, అప్పుడు జనం దానికోసమే వస్తారు. కార్క్ జాజ్ ఫెస్టివల్ అక్టోబర్ చివరి సోమవారం సెలవు వచ్చే వారాంతంలో. అది పుట్టిన తీరు నాకు భలే ఇష్టం. 1978లో ఆ సెలవు ఇంకా కొత్త. మెట్రోపోల్ హోటల్లో పేకాట, అంటే బ్రిడ్జ్, సమావేశం ఒకటి రద్దయి గదులు ఖాళీగా మిగిలితే, వాటిని నింపడానికి జాజ్ పెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1980లో, అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరల్డ్ వచ్చి కార్క్ ఒపెరా హౌస్‌లో పాడింది. ఇప్పుడు ఆ వారాంతంలో జాజ్ కానిది కూడా చాలా వినిపిస్తుంది, పబ్బుల్లో ఊపిరాడదు. కాబట్టి టికెట్ ఉన్న కచేరీ ఒకటి పట్టుకుని కూర్చోండి, వీధి వీధి తిరగకండి. క్లొనకిల్టీ నుంచి ఇంకా పడమరకి పోతే బాలీడిహోబ్ అనే పల్లె, మే మొదటి వారాంతంలో అక్కడ చిన్న జాజ్ పండగ, అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ పద్ధతిలో బాకాలతో ఉత్తుత్తి శవయాత్ర చేస్తారు. ఇంతకీ క్లొనకిల్టీకి తనదైన పండగ గిటార్‌ది, సెప్టెంబర్‌లో.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. పబ్బులో బల్ల దగ్గరికి ఎవరూ రారు, బార్ దగ్గరికి వెళ్ళి మనమే తెచ్చుకోవాలి. తాగనివాళ్ళని ఎవరూ వింతగా చూడరు, అత్తయ్య రెండు రాత్రులూ టీతో గడిపారు. పద్దెనిమిది దాటని పిల్లల్ని రాత్రి తొమ్మిది తర్వాత బార్‌లో ఉండనివ్వరు, మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే పది. కచేరీ ఎనిమిదిన్నరకో తొమ్మిదికో మొదలవుతుంది గనక పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే అడగండి. బండి నడిపేవాళ్ళకి రక్తంలో ఆల్కహాల్ హద్దు వంద మిల్లీలీటర్లకి 50 మిల్లీగ్రాములు, కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళకి 20. అంటే ఒక్క గ్లాసు కూడా వద్దనే అనుకోండి. బస్సులో వస్తే కార్క్‌కి చివరి బస్సు టైము చూసుకోండి, ఆ రాత్రికి ఊళ్ళోనే గది తీసుకుంటే హాయి. శాకాహారులు పొద్దున్న టిఫిన్ దగ్గర జాగ్రత్త. ఈ ఊరి పేరు దేశమంతా తెలిసింది బ్లాక్ పుడింగ్ అనే సాసేజ్ వల్ల, అందులో రక్తం ఉంటుంది, చెప్పకపోతే పళ్ళెంలో వచ్చేస్తుంది.

డి బారాస్‌కి టికెట్ కొనేటప్పుడు ఆ రాత్రి కచేరీ కూర్చుని వినేదా నిలబడి వినేదా అన్నది చూసి కొనండి. పెద్దవాళ్ళని తీసుకెళ్తున్నప్పుడు మరీను.