117 పౌండ్ల బస్సు, 15వ నంబరు బస్సు

లండన్ టవర్ అనే పాత కోట ఎదుట రోడ్డు పక్కన, మే నెల వానలో, ముగ్గురం ఒకే గొడుగు కింద 48 నిమిషాలు నిలబడ్డాం. మా చేతిలో ఉన్నవి 117 పౌండ్లు పోసి కొన్న మూడు టికెట్లు. అప్పటి పౌండు 113 రూపాయల లెక్కన అది 13,221 రూపాయలు. ఎక్కడ కావాలంటే అక్కడ దిగి, చూడవలసింది చూసి, వెనక వచ్చే బస్సు ఎక్కి ముందుకు సాగవచ్చని చెప్పే ‘హాప్ ఆన్ హాప్ ఆఫ్’ బస్సు టికెట్లు అవి. ఆ 48 నిమిషాల్లో మేము ఎక్కవలసిన బస్సు ఒక్కటీ రాలేదు కానీ, పక్కనే ఉన్న మామూలు సిటీ బస్సుల స్టాపులో 15వ నంబరు ఎర్రబస్సులు ఆరు వచ్చి ఆరూ వెళ్ళిపోయాయి. లెక్కపెట్టింది మా వదినగారు.

మేము లండన్ వెళ్ళినది అమ్మాయి దగ్గరకు. వాళ్ళు ఉండేది లండన్‌కు పడమటనున్న స్లౌ ఊళ్ళో. వారం మధ్యలో అమ్మాయికీ అల్లుడికీ సెలవు దొరకదు కనుక, బుధవారం నాడు నేను, నా భార్య, ఆమె అక్కగారు ముగ్గురమే ఊరు చూడటానికి బయలుదేరాం. వదినకు రెండు మోకాళ్ళూ నొప్పులే. గుంటూరులో ఇంటి మెట్లు దిగడానికే తంటాలు పడే మనిషిని భూగర్భ రైళ్ళ మెట్లెక్కించి తిప్పడం కంటే, ఒకచోట కూర్చోబెట్టి ఊరంతా చూపించే బస్సే మేలనుకున్నాను. ఆ ఆలోచనలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. తప్పు జరిగినదల్లా ఎక్కిన వేళలోనూ, కొన్న చోటునా, దిగిన తీరులోనూ.

ఎలిజబెత్ లైను రైలులో బాండ్ స్ట్రీట్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ వెంట మెల్లగా నడిచి మార్బుల్ ఆర్చ్ చేరేసరికి పదకొండున్నర అయింది. అక్కడ కంపెనీ కోటు తొడుక్కున్న ఒక కుర్రవాడు ఎంతో మర్యాదగా పలకరించి, ప్రతి పది నిమిషాలకూ ఒక బస్సు వస్తుందనీ, టికెట్టు రోజంతా చెల్లుతుందనీ, పైగా థేమ్స్ నదిలో పడవ ప్రయాణం ఉచితమనీ చెప్పి, మనిషికి 39 పౌండ్లు వసూలు చేశాడు. ఆ రాత్రి అమ్మాయి ఫోనులో చూస్తే అదే టికెట్టు అదే కంపెనీ దగ్గర ముందుగా కొంటే 34 పౌండ్లే. రోడ్డు మీద కొన్నందుకు మేము కట్టిన అపరాధ రుసుము 15 పౌండ్లన్నమాట. అంతకంటే పెద్ద దెబ్బ ‘రోజంతా’ అన్న మాటలో ఉంది. ఇటువంటి బస్సులకు రెండు రకాల ఒకరోజు టికెట్లు ఉంటాయి. ఒకటి ఎక్కిన క్షణం నుంచి 24 గంటలు చెల్లేది, రెండోది ఆ రోజు చివరి బస్సుతో ముగిసేది. మాకు అంటగట్టినది రెండోది. పదకొండు నలభైకి ఎక్కిన వాళ్ళకు అది సాయంత్రం అయిదున్నరకల్లా చిత్తుకాగితం అవుతుందని ఆ కుర్రవాడు చెప్పలేదు, నేను అడగలేదు. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో ఉద్యోగం చేసి, సంతకం పెట్టే ముందు షరతులు చదవండని ఖాతాదారులకు చెప్పిన నోరు నాది. నా భార్య ఆ సంగతి మూడుసార్లు గుర్తుచేసింది.

24 గంటల టికెట్టు అయి ఉంటే మేము ఆలస్యంగా బయలుదేరడమే లాభమయ్యేది. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే ఆ సాయంత్రమూ, మర్నాడు ఉదయం రద్దీ లేని పూటా కూడా ఒకే టికెట్టు మీద గడిచిపోతాయి. ఒకే రోజుకు చెల్లే టికెట్టయితే మాత్రం ఉదయం మొదటి బస్సుల్లోనే ఎక్కాలి, లేకపోతే కొనకూడదు.

పై అంతస్తుకు కప్పు లేదు. ముందు వరుసలో చోటు దొరికిందని మురిసిపోయిన పది నిమిషాలకే, చలిగాలికి వదిన శాలువా తలమీదికి లాక్కుని కళ్ళు మాత్రమే బయటపెట్టింది. సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో మామూలుగా పదకొండింటికి బకింగ్‌హామ్ రాజప్రాసాదం దగ్గర కాపలాదళం మారే ఉత్సవం జరుగుతుంది. మేము ఎక్కినది సరిగ్గా ఆ బుధవారం ఉత్సవం చూసిన జనం చెదిరే వేళ. హైడ్ పార్క్ కార్నర్ దగ్గర బస్సు ఎంతసేపు కదలకుండా నిలబడిందంటే, అక్కడి తోరణాన్ని అన్ని వైపుల నుంచీ తనివితీరా చూశాం. మార్బుల్ ఆర్చ్ కూడా మొదట ఆ రాజప్రాసాదం ముందే ఉండేదట, 1851లో ఇప్పుడున్న చోటికి తరలించారట. మా బస్సు నడక చూస్తే ఆ పాలరాతి తోరణమే మాకంటే వేగంగా ప్రయాణించి ఉంటుందనిపించింది.

చెవిలో పెట్టుకోవడానికి ఇచ్చిన ఇయర్‌ఫోన్లలో రికార్డు చేసిన వివరణ వస్తుంది. భాషల జాబితాలో తెలుగు వెతకడం అత్యాశే కనుక ఇంగ్లీషే పెట్టుకున్నాం. ఆ గొంతు బస్సు కంటే ఒక స్టాపు వెనకబడి ఉంది. 1666 నాటి అగ్నిప్రమాదంలో పాత గుడి కాలిపోయాక క్రిస్టఫర్ రెన్ కట్టిన సెయింట్ పాల్స్ చర్చి గురించి, దాని 365 అడుగుల ఎత్తు గురించి అది పరవశంగా చెప్పడం మొదలుపెట్టేసరికి, ఆ గుమ్మటం మా వీపుల వెనక ఉంది. ముగ్గురం మెడలు తిప్పి చూశాం, అంతే. రికార్డు కాకుండా మనిషే మైకు పట్టుకుని మాట్లాడే బస్సులూ కొన్ని ఉంటాయి. వాటి కోసం పది నిమిషాలు ఆగినా నష్టం లేదు. ట్రాఫిక్కులో బస్సు ఆగితే మనిషి ఇంకో కబురు చెబుతాడు కదా.

ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర దిగాం. నెల్సన్ స్తంభం కింద ఫొటోలు, నేషనల్ గ్యాలరీలో ఉచిత ప్రవేశం, అక్కడి శుభ్రమైన మరుగుదొడ్లు (బస్సులో ఆ సౌకర్యం ఉండదని మర్చిపోవద్దు) అన్నీ కలిపి 50 నిమిషాలు. ‘ప్రతి పది నిమిషాలకూ’ వచ్చే బస్సు కోసం నిరీక్షణ 25 నిమిషాలు. టవర్ చేరేసరికి రెండు ఇరవై అయింది. అక్కడి ప్రవేశ రుసుము అప్పట్లో మనిషికి సుమారు 35 పౌండ్లు, అదీ వేరే ఖర్చే. బస్సు టికెట్టులో అదీ కలిసి ఉంటుందని నా భార్య అనుకున్నది, బహుశా చాలామంది అనుకుంటారు.

టవర్ లోపల గడిచిన సమయం మీద నాకు ఫిర్యాదు లేదు. అమ్మాయి కట్టి ఇచ్చిన పులిహోర బెంచీ మీద కూర్చుని తిని, నగల భవనంలోకి వెళ్ళాం. కిరీటాల అద్దాల పక్కన కదిలే పట్టీ ఒకటి ఉంటుంది, దాని మీద నిలబడితే మనల్ని అదే తీసుకుపోతుంది. మోకాళ్ళ నొప్పుల వాళ్ళకు అంతకంటే ఏం కావాలి! కోహినూరు ఉన్న కిరీటం 1937లో అప్పటి రాజు ఆరో జార్జ్ భార్య, రాణి ఎలిజబెత్ కోసం చేయించినది. 1852లో సానబట్టించాక 105.6 కేరట్లకు తగ్గిన వజ్రం అది. అది దొరికినదని చెప్పుకునే కొల్లూరు మన పల్నాటి వైపు కృష్ణ ఒడ్డు ఊరు, ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. వదిన ఆ పట్టీ మీద మూడుసార్లు తిరిగింది. మూడోసారి దిగాక, “మరిదిగారూ, ఊరేమో నీళ్ళపాలు, రాయేమో వీళ్ళపాలు” అని ఊరుకుంది. అక్కడ మేము గడిపిన రెండు గంటల ఇరవై నిమిషాలు చాలలేదు. మూడు గంటలు పెట్టుకుని రావలసిన చోటు అది.

నాలుగు నలభైకి బయటికి వచ్చి స్టాపులో నిలబడ్డాం. అప్పుడే వాన మొదలైంది. అయిదు ఇరవై ఎనిమిదికి వచ్చిన బస్సు కింద అంతస్తు నిండా జనం, పైన నీళ్ళు. డ్రైవరు చెయ్యి అడ్డంగా ఊపి, వెనక ఇంకొకటి వస్తుందనీ, అదే ఆఖరుదనీ, అది మార్బుల్ ఆర్చ్ దాకా పోదనీ మూడు ముక్కల్లో చెప్పి తలుపు మూసుకున్నాడు. అంతసేపూ మౌనంగా ఉన్న వదిన అప్పుడడిగింది: “ఆ పదిహేనో నంబరు బస్సు మనల్ని ఎక్కించుకోదా?”

ఎక్కించుకుంది. లండన్ సిటీ బస్సులో అప్పట్లో ఎంత దూరమైనా 1.75 పౌండ్లే. నగదు తీసుకోరు, కార్డు గానీ ఫోను గానీ యంత్రానికి తాకించాలి. ఒక కార్డుతో ఇద్దరికి కట్టడం కుదరదు, మనిషికో కార్డు ఉండాలి. వదినకు అమ్మాయి ముందురోజే ఆయిస్టర్ కార్డు (బస్సులకూ రైళ్ళకూ ముందే డబ్బు వేసుకునే కార్డు) ఇచ్చి ఉండబట్టి సరిపోయింది. ఆమెను కిందనే వెచ్చగా కూర్చోబెట్టి, మేమిద్దరం పైకి ఎక్కితే ముందు వరుస ఖాళీగా ఉంది. పైన కప్పు, ఎదుట నిలువెత్తు అద్దం, అద్దం మీద వాన ధారలు. సెయింట్ పాల్స్ గుమ్మటాన్ని ఈసారి ఎదురుగా చూశాం, ఆ తరువాత ఫ్లీట్ స్ట్రీట్, స్ట్రాండ్, చివరికి ట్రఫాల్గర్ స్క్వేర్. అంటే ఆ వైపు మా 39 పౌండ్ల బస్సు తిప్పిన వీధులే చాలా వరకు. అక్కడ దిగి 24వ నంబరు ఎక్కి టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషనుకు వెళ్ళాం. మొదటిసారి కార్డు తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా రెండోసారి డబ్బు పడదు కనుక, ఈ రెండు బస్సులకూ కలిపి ముగ్గురికి అయినది 5.25 పౌండ్లు. నా భార్య ముఖంలో పొద్దుటి నుంచి లేని నవ్వు అప్పుడు కనిపించింది. 117 పౌండ్లతో ఒక మనిషి ఇటువంటి ప్రయాణాలు 66 చేయవచ్చని నేను లెక్కగట్టి చెప్పేసరికి అది మళ్ళీ మాయమైంది.

ఇంటికి వెళ్ళి తడిసిన సంచి ఆరబెడుతుంటే, మడత పెట్టిన కరపత్రంలోంచి మూడు పడవ చీట్లు బయటపడ్డాయి. టవర్‌కు ఆనుకునే పడవల రేవు ఉంది. టవర్‌లోకి వెళ్ళే ముందే పడవ వేళలు చూసుకుని ఉంటే, ట్రాఫిక్కు ఊసు లేకుండా, కప్పు కింద కూర్చుని, 1894లో తెరిచిన టవర్ వంతెనను నీళ్ళ మీద నుంచి చూసి, వెస్ట్‌మినిస్టర్‌లో దిగేవాళ్ళం. ఆ టికెట్టు మొత్తంలో సాయంత్రం పూట నిజంగా విలువైన భాగం అదే. అదే వాడకుండా పారేశాం.

కంపెనీకి ఈమెయిలు రాశాను. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది: చింతిస్తున్నారట, తరువాతి ప్రయాణంలో పది శాతం తగ్గిస్తారట.

ఇంత జరిగినా ఈ బస్సు ఎక్కవద్దని నేను చెప్పను. విమానం దిగిన మర్నాడు, నిద్ర వేళలు కుదరని పూట, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఊరి రూపురేఖలు తెలుసుకోవడానికి ఇంతకంటే సుఖమైన మార్గం లేదు. అయితే దాని పేరు చూసి మోసపోకూడదు. దిగిన ప్రతిసారీ మళ్ళీ ఎక్కడానికి అరగంట ధారపోయవలసి వస్తుంది కనుక, నాలుగుసార్లు దిగితే రెండు గంటలు స్టాపుల్లోనే పోతాయి. తొమ్మిదింటికల్లా ఎక్కి, ఎక్కడా దిగకుండా ఒక చుట్టు పూర్తిచేసి, ఏవి లోపలికి వెళ్ళి చూడదగినవో గుర్తుపెట్టుకుని, రెండో చుట్టులో ఒకటి రెండు చోట్ల మాత్రమే దిగాలి. దిగే ముందే ఆ స్టాపులో ఆఖరి బస్సు ఎన్నింటికో డ్రైవరును అడగాలి, కరపత్రంలో అచ్చువేసినది మొదటి స్టాపు వేళ కావచ్చు. మిగిలిన చోట్లకు మర్నాడు ఎర్రబస్సు చాలు.

మేము మర్నాడు అలాగే వెళ్ళాం. బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. 33ఎ గదిలో, అద్దాల వెనక, మన అమరావతి స్తూపం పలకలు ఉన్నాయి. చాలా వరకు 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చినవి, అక్కడి నుంచి ఓడ మీద ఇక్కడికి వచ్చినవి. పొద్దున పదింటికి ఆ గదిలో మేము ముగ్గురమే ఉన్నాం. పల్నాటి సున్నపురాయి రంగు చూసి వదిన గుర్తుపట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు, ఎదురుచూడవలసిన బస్సు లేదు, అక్కడ ఉన్న బెంచీ మీద కూర్చుని గంటన్నర చూసింది. తరువాత 24వ నంబరులో పార్లమెంటు దాకా వెళ్ళి, సాయంత్రం అదే నంబరులో వెనక్కి వచ్చాం. ఆ రోజు ముగ్గురికీ బస్సు ఖర్చు 10.50 పౌండ్లు. స్టాపులో ఎక్కువసేపు ఆగినది తిరుగు ప్రయాణంలో, ఆరు నిమిషాలు.