నిప్పుల కాలంలో కొండదారులు: మూసివేత మేలా, అనుమతి మేలా?

'ట్రెక్ తమిళనాడు' పేరిట ప్రభుత్వం 2024 అక్టోబరులో ఆన్‌లైన్ బుకింగుతో 40 కొండదారులను తెరిచింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు కార్చిచ్చు భయంతో వాటిని మూసివేయగానే, చెన్నైలో వారాంతాల్లో కొండలెక్కే తెలుగువాళ్లలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ప్రాణాలు ముఖ్యం కనుక మూయాల్సిందేనని ఒక పక్షం, గైడునిచ్చి కొద్దిమందినైనా పంపవచ్చు కదా అని మరొకటి.

మూసివేతకు అన్నిటికన్నా బలమైన ఆధారం కురంగణి. 2018 మార్చి 11న తేని జిల్లాలోని ఆ కొండల్లో మంటలు చుట్టుముట్టి, 20 మందికి పైగా చనిపోయారు. వారిలో చెన్నై నుంచి వెళ్లినవారూ ఉన్నారు. ఎండుగడ్డి వాలులో నిప్పు కిందినుంచి పైకి పాకేటప్పుడు, మంట వాలువైపే ఒరిగి పైనున్న గడ్డిని ముందే కాచి ఆరబెడుతుంది కాబట్టి, వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుంది. అటువంటి చోట గైడు ఎంత అనుభవజ్ఞుడైనా చేయగలిగింది స్వల్పం.

అనుమతి పద్ధతికీ బలముంది. ఏ దారిలో ఎందరున్నారో అటవీశాఖకు తెలుస్తుంది, స్థానికులకు గైడు పని దొరుకుతుంది, పొగ కనబడగానే కబురు చేరుతుంది.

ఇక స్వేచ్ఛ సంగతి. రాజ్యాంగం 19(1)(డి) అధికరణ దేశమంతటా సంచరించే హక్కునిచ్చినా, 19(5) సహేతుకమైన ఆంక్షలకు తావిచ్చింది. పైగా తమిళనాడులో 1882 నాటి అటవీ చట్టం కింద రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లడమే నేరం. కెనడాలోని నోవా స్కోషియాలో 2025 ఆగస్టులో అడవిలో నడకను కూడా నిషేధించి 25,000 డాలర్ల జరిమానా పెట్టినప్పుడు జనం మండిపడ్డారంటే, అక్కడ అంతవరకు తలుపు తెరిచే ఉంది కాబట్టి. మనకు మొదటినుంచీ తాళం అధికారి చేతిలోనే ఉంది. కనుక నా భయమల్లా వేసిన తాళం సౌకర్యంగా ఉందని తీయడం మరచిపోతారేమోనన్నదే.

నా మటుకు, గడ్డివాలులున్న దారులకు నిప్పుల కాలంలో పూర్తి మూసివేతే మేలు. తేమ నిలిచే లోయ దారులకు గైడుతో, పరిమిత సంఖ్యలో అనుమతి చాలు. ఏ విధానమైనా ఉత్తర్వులో ఏ రేంజి (అటవీశాఖ పాలనా ప్రాంతం), ఏ కారణం, మళ్లీ ఎప్పుడు పరిశీలిస్తారన్నది రాసి ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద తేనె, కాయలు సేకరించుకునే ఆదివాసీని, సెలవు రోజున సెల్ఫీకి వెళ్లే మనతో కలిపి ఒకే గేటు దగ్గర ఆపడం మాత్రం ఏ పద్ధతిలోనూ ఒప్పుకోదగినది కాదు.