వేయించుకునే పానీపూరీ బిళ్లలు: రగడాకు భేష్, పుచ్కాకు కాదు

200 గ్రాముల ప్యాకెట్లో, నూనెలో వేయిస్తే పూరీలుగా పొంగే ఎండు బిళ్లలతో పాటు పానీ మసాలా పొట్లం కూడా ఇస్తారు. బిళ్లలు కొనదగ్గవే. పొట్లం మాత్రం పక్కన పడేయొచ్చు. పులుపంతా నిమ్మ ఉప్పుదే, పుదీనా వాసన పేరుకే.

ఈ బిళ్లల్లో బొంబాయి రవ్వ వాటా ఎక్కువ. అందుకే పూరీ కాస్త మందంగా, గట్టిగా వస్తుంది. హైదరాబాద్ చాట్ బండి మీద పెట్టినట్టు వేడి బఠాణీ, ఉల్లిపాయ ముక్కలు దట్టించి చల్లటి పానీలో ముంచినా నోటిదాకా చెక్కుచెదరదు. ముంబైలో పూరీలో పెట్టే రగడా అనే వేడి బఠాణీ కూరకు, దాంతో వేసే ఖర్జూరం-చింతపండు తీపి చట్నీకి కూడా ఇలాంటి పూరీయే కావాలి. కోల్‌కతా పానీపూరీ అయిన పుచ్కాకు మాత్రం నప్పదు. అక్కడి గోధుమపిండి పూరీ పల్చగా ఉంటుంది. లోపల మెదిపిన బంగాళదుంప, ఉడికిన నల్ల శనగలు, పైన చింతపండు నీళ్లు. ఈ మందపు పూరీలో ఆ మెత్తటి కూర రుచి అణగిపోతుంది. ఢిల్లీ గోల్‌గప్పాను రవ్వతోనూ చేస్తారు కాబట్టి అక్కడి పుదీనా పానీకి ఇబ్బంది లేదు.

చాలామంది చెడగొట్టుకునేది వేయించేటప్పుడే. నూనె 180 డిగ్రీలకు కాగాలి. ఒక బిళ్ల వేస్తే మునిగిన వెంటనే పైకి తేలాలి. ఒకేసారి ఎనిమిదికి మించి వేస్తే నూనె చల్లబడి సగం అప్పడాల్లా మిగిలిపోతాయి. చిల్లుల గరిటెతో మెల్లగా అదమండి, పొంగగానే మంట తగ్గించి బంగారు రంగు వచ్చేదాకా ఉంచండి. పెద్ద మంట మీదే ఉంచి రంగు రాగానే తీసేస్తే లోపలి తేమ పోదు, కాసేపటికే మెత్తబడతాయి. బీట పడ్డ బిళ్లల్లోంచి ఆవిరి జారిపోతుంది, అవి ఎంత అదిమినా పొంగవు. వాటిని పాప్డీ చాట్‌కు వాడుకోవచ్చు. పూరీలు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి మూత బిగించాలి.

పానీ ఇంట్లోనే చేసుకోండి. లీటరు నీళ్లకు కప్పు పుదీనా ఆకు, అరకప్పు కొత్తిమీర, నాలుగు పచ్చిమిర్చి, అంగుళం అల్లం, నిమ్మకాయంత చింతపండు, చెంచాన్నర వేయించిన జీలకర్ర పొడి, చెంచా నల్ల ఉప్పు. పుదీనా కాడలు పడితే చేదెక్కుతుంది. ఐసు నీళ్లు పోసి రుబ్బితే పచ్చరంగు నిలుస్తుంది.

కొనేముందు ప్యాకెట్ తిప్పి చూడండి. అడుగున ముక్కలు, పొడి ఎక్కువగా కనిపిస్తే అది వదిలేసి ఇంకోటి తీసుకోండి.