చేయి పట్టే గిన్నె కావాలా? బేగంబజారు స్టీలు బౌల్స్ మీద నా రివ్యూ

ఇంట్లో రోజూ తినడానికి బౌల్స్ వెతుక్కునేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, మా ఇంట్లో నెగ్గినవి హైదరాబాద్ బేగంబజారులో తెచ్చుకున్న మామూలు స్టీలు బౌల్సే. ఫోటోలకి పనికిరావు. హాస్టల్ మెస్‌లో కూర్చున్నట్టుందని మా ఆయన ఓ మాట అననే అన్నాడు. అయినా పొద్దున ఉప్మాకీ, మధ్యాహ్నం పప్పన్నానికీ, రాత్రి పెరుగన్నానికీ ఆయన చేయి కూడా వాటి మీదకే పోతోంది.

ఆన్‌లైన్లో కనిపించే అందమైన బౌల్స్‌తో నాకున్న గొడవ ఒక్కటే, వాటిలో చాలావరకు స్పూనుతో తినేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసినవి. లోతెక్కువ, మూతి తక్కువ. సూపుకీ నూడుల్స్‌కీ బాగానే ఉంటాయి. అదే వేడన్నంలో ముద్దపప్పు, ఆవకాయ, కాస్త నెయ్యి వేసుకుని కలపబోతే వేళ్ళు అడుగుకి చేరకముందే మణికట్టు అంచుకి తగులుతుంది, పైన ఎర్రగా కలుస్తుంది గానీ అడుగున అన్నం తెల్లగా అలాగే ఉండిపోతుంది. ఇంకా గట్టిగా కలిపామా, నాలుగు మెతుకులు బల్ల మీద.

అందుకే షాపులో ముందు గిన్నెలో చేయి పెట్టి, అన్నం కలిపినట్టు ఓసారి తిప్పి చూస్తాను. షాపతను నవ్వుకుంటే నవ్వుకోనీ. నాకు కుదిరిన కొలత మూతి 16 సెంటీమీటర్లు, లోతు 6, అడుగు చదునుగా, గోడ కొంచెం వాలుగా. అంచుదాకా నీళ్ళు పోస్తే ముప్పావు లీటరు దాటుతుంది, అంత అవసరమా అనిపిస్తుంది కానీ కలుపుకునే చోటు కావాలిగా. పెట్టె మీద 500 ఎంఎల్ అని రాసి ఉంటే అది సాధారణంగా అంచుదాకా నింపితే పట్టే లెక్క, ఒలక్కుండా తినగలిగేది అందులో మూడింట రెండొంతులే అనుకోండి.

ఇక స్టీలు సంగతి. మేం వెళ్ళిన షాపతను అయస్కాంతం తీసి, "చూడండమ్మా, అంటుకోవట్లేదు, అసలైన స్టీలు" అన్నాడు. అంటుకోకపోవడం నిజమే, కానీ దానివల్ల తేలేది తక్కువ. మనకి కావాల్సిన 304 అనే గ్రేడు స్టీలులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన 202 చవకరకం, అదీ మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు. పైగా అసలు 304నే నొక్కి గిన్నెగా సాగదీసినప్పుడు వంపుల దగ్గర అయస్కాంతం కాస్త లాగొచ్చు. కాబట్టి ఆ ఆటకి పడిపోకుండా ఐఎస్ఐ గుర్తు చూడండి. స్టీలు పాత్రలకి అది తప్పనిసరి అని కేంద్రం 2024లో ఉత్తర్వు ఇచ్చింది, గుర్తు దగ్గర ఐఎస్ 14756 అని ఉంటుంది. గ్రేడు ఏదో బిల్లు మీద రాయమని కూడా అడగండి, నోటితో 304 అని చెప్పినంత హుషారుగా బిల్లు మీద రాయరు కొందరు.

మందం కూడా చూసుకోవాలి. గేజు నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. మేం తెచ్చినవి 22 గేజు, ఒక్కోటీ దాదాపు 200 గ్రాములు, సింకులో పడినా సొట్ట పడలేదు. అంచుని గుండ్రంగా చుట్టి వదిలేసిన రకం మాత్రం వద్దు, ఆ చుట్ట సందులోకి నీళ్ళు, పెరుగు జిడ్డు చేరి కొన్నాళ్ళకి నల్లగా గీత కడుతుంది, పీచు అక్కడిదాకా దూరదు.

లోపం లేదా అంటే ఉంది, కాలుతుంది. పొగలు కక్కే సాంబారు పోసుకుని సోఫాలో కూర్చుని అరచేతిలో పెట్టుకుందామంటే కుదరదు, కింద ప్లేటు పెట్టుకోవాల్సిందే. దీనికోసమే రెండు పొరల బౌల్స్ అమ్ముతున్నారు, చేయి కాలదు, నిజమే. కానీ అతుకు ఎక్కడైనా వదిలితే పొరల మధ్యకి నీళ్ళు దిగి, కడిగి బోర్లించాక కూడా లోపల గలగలమంటూనే ఉంటాయి. పెద్ద మూతిలో దొరకడం కూడా కష్టం.

మైక్రోవేవ్‌కి స్టీలు పనికిరాదు కాబట్టి ఓపల్ గ్లాసువి, అంటే పాలలా తెల్లగా ఉండే గాజువి కూడా కొన్ని ఉంచుకున్నాం. లా ఒపాలా, బొరోసిల్ వాళ్ళ లారా లాంటివన్నమాట. తేలిక, పసుపు మరక పట్టదు, నిన్నటి కూర అందులోనే వేడి చేసుకుని అందులోనే తినేయొచ్చు. పగిలితే మాత్రం ముక్కలు ఫ్రిజ్ కిందిదాకా పోతాయి, పాకే పిల్లలున్న ఇంట్లో ఆలోచించుకోండి. సిరామిక్ చూడటానికి బాగుంటుంది, బరువు. ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మెరుపు లేని ఆ గరుకు అడుగు కిందదాన్ని గీకేస్తుంది. మెలమైన్, అంటే ఆ గట్టి ప్లాస్టిక్ రకం, నేనైతే కొనను. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, పులుసు వేడివేడిగా పోయబుద్ధి కాదు, పసుపు పడితే పోదు. ఇత్తడి గిన్నెలు అమ్మమ్మ ఇచ్చినవి ఉన్నా చారుకీ పెరుగుకీ వాడను, కళాయి పోయిన ఇత్తడికీ పులుపుకీ పడదు.

షాపు విషయానికొస్తే, సరుకు బాగుంది, మర్యాద అంతంతమాత్రం. అక్కడ హోల్‌సేల్ షాపులు ఎక్కువ కాబట్టి అరడజనుకి తక్కువైతే ఇవ్వం అనేవాళ్ళు తగులుతారు, కొన్నిచోట్ల కేజీల లెక్కన తూచి ఇస్తారు, మనకి ఒక్కోటి ఎంత పడిందో అక్కడే లెక్క వేసుకోవాలి. కారు వేసుకుని వెళ్తే పార్కింగ్ టెన్షన్ వేరే. పేరు వేయించుకోమని మా అత్తయ్య చెప్పారు గానీ ఆ రద్దీలో నిలబడలేక వచ్చేశాం. వీటికి మూతలు రావు, విడిగా అడిగినా ఆ సైజుకి సరిపోయేవి లేవన్నాడు. ఫ్రిజ్‌లో పెట్టడానికి టిఫిన్ ప్లేట్లు బోర్లిస్తున్నాం, సరిపోతున్నాయి.